పద్మిని అలక

కారున్నవాళ్ళకి కష్టాలుండవని లేనివాళ్ళ నమ్మకం. ఆ నమ్మకాన్ని పాడుచెయ్యడం నాకిష్టం లేదు గానీ, పాత కారున్న ఇంటి సంగతి వేరండీ. పాత కారున్న ఇల్లాలికీ, చంటిపిల్లున్న ఇల్లాలికీ ఆట్టే తేడా లేదు. ఎందుకు మొరాయిస్తోందో అది నోరు తెరిచి చెప్పదు. మనకా తెలియదు. దారినపోయే ప్రతివాళ్ళూ తలో వైద్యం చెప్పి పోతారు.

మా కారు ప్రీమియర్ పద్మిని. అసలు రూపం ఇటలీవాళ్ళ ఫియట్ది కనక, పద్మిని అన్న పేరు వచ్చాక కూడా ఊళ్ళో అందరూ దాన్ని ఫియట్ అనే పిలిచేవారు. నాన్నగారు తెనాలిలో ప్లీడరు. ఆ రోజుల్లో కారు కొనడమంటే ఇప్పట్లా ఇవాళ అనుకుని రేపు తెచ్చుకోవడం కాదు. డబ్బు కట్టి, ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. అలా ఎదురుచూడగా చూడగా 1986లో మా ఇంటికొచ్చింది పద్మిని. నేనప్పుడు రెండో తరగతి. కొత్త పెళ్ళికూతుర్ని దించినట్టే దానికి హారతిచ్చి, దిష్టి తీసి, గడప దగ్గర కొబ్బరికాయ కొట్టి లోపలికి తీసుకొచ్చారు.

తరవాత బి.ఏ.లో కావ్యాలు చదువుకునేటప్పుడు, ఆడవాళ్ళలో పద్మినీ, చిత్రిణీ, శంఖినీ, హస్తినీ అని నాలుగు జాతులున్నాయని తెలిసి నాలో నేనే నవ్వుకున్నాను. పద్మినీజాతి స్త్రీ మితంగా భోంచేస్తుందట. మా పద్మినికి ఆ ఒక్క లక్షణమూ అబ్బలేదు.

ముందు సీటు బల్లలా ఒక్కటే ఉండేది. గేరు స్టీరింగు పక్కనే. ఆ బల్ల సీటు మీద ఎడంపక్కన అమ్మ. ముప్ఫై ఆరేళ్ళ పాటు ఆ చోటు అమ్మదే. ఒళ్ళో మంచినీళ్ళ మరచెంబు, దాని మీద తడిపిన తువ్వాలు. అదెందుకో చిన్నప్పుడు నాకు తెలిసేది కాదు. నాన్నగారి మొహం తుడుచుకోడానికేమో అనుకునేదాన్ని.

నాన్నగారు 2023 జనవరిలో పోయారు. పద్మిని షెడ్డులోకి చేరింది. అమ్మ ఇంట్లో ఒక్కతే అయిపోయింది. సంవత్సరీకం అయ్యాక అన్నయ్యా, నేనూ, మావారూ కూచుని పెద్దమనుషుల్లా ఒక నిర్ణయానికొచ్చాం. అమ్మ విజయవాడలో మా దగ్గిరకొచ్చేయ్యాలి. ఇంటికి తాళం వెయ్యాలి. కారుని పాత ఇనుం కింద ఇచ్చేయ్యాలి. 2023 అక్టోబరులో బొంబాయి వీధుల్లోంచి పద్మినీ టాక్సీలు తప్పుకున్నప్పుడు పేపర్లో పడ్డ వార్తని మావారు కత్తిరించి దాచారు కూడా. “బొంబాయి వాళ్ళే వదిలేశారు, మనమెంత?” అన్నారు.

అమ్మ అంతా విని, “సరే, మీ ఇష్టం. కానీ నేను వస్తే మాత్రం ఆ కారులోనే వస్తాను” అంది.

ఆ ఒక్క షరతే కదా అనుకున్నాం. దాంతో మొదలైంది అసలు కథ.

ఏడాది పైగా కదలని కారుకి ముందు చెయ్యాల్సినవి చేయించాం. కొత్త బ్యాటరీ, టైర్లు. ట్యాంకులో మిగిలిన పెట్రోలు తీయిస్తే రంగుల కొట్టులో వార్నీషు వాసన వేసింది. పెట్రోలు నిలవుంటే అంతేనట. నిలవున్నకొద్దీ రుచి పెరిగే వస్తువు కాదు. అందులో తేలికైనదంతా ఎగిరిపోయి, మిగిలింది జిగురుకట్టి, సన్నసన్నటి దారులన్నిటికీ అడ్డంపడుతుంది. మెకానిక్ కుర్రాడు ట్యాంకు కడిగాడు. ఫిల్టరు మార్చాడు. కార్బురేటరు విప్పి, అందులో దబ్బనం మొన కూడా దూరని జెట్లని గాలికొట్టి శుభ్రం చేశాడు. రెండు లీటర్ల పెట్రోలు పోసి ఊళ్ళో మూడు చక్కర్లు కొట్టాడు. పద్మిని బుద్ధిమంతురాలిలా తిరిగొచ్చింది.

2024 మార్చిలో ఒక మంచిరోజు చూసుకుని బయల్దేరాం. మావారు బంకులో ట్యాంకు నిండా పోయించారు. వెనక సీటు నిండా అమ్మ సామాను. ఊరగాయ జాడీలు, దేవుడి పీట, తులసి కుండీ. తెనాలి దాటి, నందివెలుగు దాటి, దుగ్గిరాల దాటామో లేదో, ఎక్కిళ్ళొచ్చినదానిలా నాలుగు కుదుపులు కుదిపి ఆగిపోయింది. ఎటు చూసినా పసుపు వాసన. దుగ్గిరాలంటే పసుపు మార్కెట్టు కదా! శుభకార్యానికి బయల్దేరినట్టే ఉంది గానీ బండి కదలదు.

దుగ్గిరాల నుంచి ఒక మెకానిక్ వచ్చాడు. పాత కారు ఆగితే ముందు రెండే రెండు ప్రశ్నలు వేసుకోవాలిట. నిప్పు పుడుతోందా? పెట్రోలు అందుతోందా? ప్లగ్గు విప్పి చూశాడు. నిప్పు నిక్షేపంగా ఉంది. కార్బురేటరుకి వెళ్ళే గొట్టం ఊడదీసి సీసాలో పెట్టి ఇంజను తిప్పమన్నాడు. చిమ్మాల్సిన పెట్రోలు చుక్కా చుక్కా కారుతోంది. “బండిలో పెట్రోలుందా మేడమ్?” అని నన్నడిగాడు. ఇప్పుడే నిండా పోయించామన్నా నమ్మడే! ట్యాంకు మూత తీసి, పుల్ల ముంచి చూసుకుని, “ఉందే!” అని ఆశ్చర్యపోయి మూత పెట్టేశాడు. పంపు మీద కాసిని నీళ్ళు చల్లి మళ్ళీ తిప్పాడు. బుర్రుమని అంటుకుంది.

“పంపు వీకయింది మేడమ్. దూరం పోవద్దు” అన్నాడు.

బండి వెనక్కి తిప్పాం. అమ్మ తులసి కుండీ దింపి, మళ్ళీ ఎప్పటి చోటే పెట్టి నీళ్ళు పోసింది.

ఆ పంపు గురించి రెండు ముక్కలు చెబుతాను. విసుక్కోకండి. నేను ఆర్ట్స్ చదివినదాన్ని, నాకే అర్థమైందంటే మీకు అర్థం కావడం ఎంతసేపు? ఈ బండ్లలో ట్యాంకు వెనకాల, ఇంజను ముందు. మధ్యన కారు కడుపు కింద నుంచి సన్నటి గొట్టం. ముందు ఇంజను పక్కన చిన్న పంపు. అందులో రబ్బరు పొర ఒకటి. ఇంజను తిరిగినప్పుడల్లా ఆ పొర పైకీ కిందికీ ఆడి, కొబ్బరిబోండాంలో గొట్టం వేసి పీల్చినట్టు, వెనక నుంచి పెట్రోలు పీలుస్తుంది. అక్కణ్ణించి కార్బురేటరుకి. అక్కడ గాలితో కలిసి ఇంజనులోకి.

ఆ రబ్బరు పొర మీద పడింది మా అనుమానం. కారణం లేకపోలేదు. 2023 నుంచి మన బంకుల్లోకి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు రావడం మొదలైంది. చెరకు నుంచీ, ధాన్యం నుంచీ తీసిన సారాయి లాంటిదే ఇథనాల్. కొత్త బండ్లని దానికి తగ్గట్టు తయారుచేస్తారు గానీ, ఎనభైల నాటి రబ్బరుకి అది పడదు. ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, పగులుతుంది. గాల్లో తేమ పీల్చుకునే గుణం కూడా ఉంది దానికి. మావారు విజయవాడ ఆటోనగర్‌లో నాలుగు రోజులు తిరిగి, ఎక్కడో మూలనున్న కొట్లో కొత్త పొరా, కొత్త గొట్టాలూ సంపాదించుకొచ్చారు. మా పెళ్ళికి మంగళసూత్రాలు చేయించినప్పుడు కూడా అంత తిరగలేదాయన.

అన్నీ మార్చాక కుర్రాడు మళ్ళీ ఊళ్ళో మూడు చక్కర్లు కొట్టాడు. భేషుగ్గా ఉందన్నాడు.

ఏప్రిల్లో రెండోసారి బయల్దేరాం. మళ్ళీ నిండా పెట్రోలు. మళ్ళీ తులసి కుండీ. మళ్ళీ దుగ్గిరాల. సరిగ్గా అదే చోట, అవే ఎక్కిళ్ళు.

ఈసారి చుట్టూ చేరిన వాళ్ళు ఎండని తప్పుపట్టారు. అదీ కొట్టిపారేసే మాట కాదు. ఎండా, ఇంజను వేడీ కలిస్తే గొట్టంలో పెట్రోలు ఆవిరైపోతుంది. పంపు ద్రవాన్ని లాగగలదు గానీ ఆవిర్ని లాగలేదు. అందుకే వేసంకాలంలో పంపు మీద తడిగుడ్డ చుట్టేవారు. అమ్మ ఒళ్ళో తువ్వాలు దేనికో నలభై ఏళ్ళు దాటాక, ఆ రోజు తెలిసింది నాకు! అమ్మ మాటా పలుకూ లేకుండా దిగి, పక్కనున్న కాలవలో తువ్వాలు ముంచి, పిండి, పంపు చుట్టూ పొందిగ్గా చుట్టింది. చంటిపిల్లకి జ్వరమొస్తే నుదుటి మీద వేసినట్టు వేసింది. అరగంట పోయాక బండి అంటుకుంది. విజయవాడ దాకా పోయే ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది. మళ్ళీ తెనాలికే.

ఇంటికొచ్చాక మావారు ఎవరికో ఫోన్ చేసి, ఇనుం లెక్కన ఎంతిస్తారని అడుగుతున్నారు. అమ్మ వింటూ కూచుంది. “అత్తయ్యగారూ, వచ్చే నెల టాక్సీలో వెళ్దాం. ఏమంటారు?” అన్నారాయన. అమ్మ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం అమ్మకి అలవాటే. అందరూ దాన్ని ఒప్పుకోవడం కింద జమకట్టేస్తారు, నాతో సహా.

మే నెలలో, కారుని ఇచ్చేసే ముందు సామాను సర్దడానికని ఒక్కదాన్నే వెళ్ళాను. చూద్దును గదా, అమ్మ ఆవకాయకి కాయలు కొట్టించి కూచుంది. నాలుగు జాడీలు కడిగి బోర్లించి ఉన్నాయి. ఊరు వదిలి వెళ్ళేవాళ్ళెవరైనా ఏడాదికి సరిపడా ఆవకాయ పెట్టుకుంటారా? అడుగుదామని నోటిదాకా వచ్చి ఊరుకున్నాను.

నువ్వుల నూనె డబ్బా ముందు పెట్టుకుని మేకుతో ఒక మూల బెజ్జం కొట్టింది. వంచితే నూనె గుటకలు గుటకలుగా పడి ఆగిపోయింది. ఎదురు మూల ఇంకో బెజ్జం కొట్టింది. ధార చక్కగా వచ్చింది.

“రెండు బెజ్జాలు లేందే రాదు కదూ?” అన్నాను ఊరికే.

“ఎలా వస్తుందే? నూనె బయటికి రావాలంటే దాని చోట్లోకి గాలి పోవద్దూ? ఆ ట్యాంకు కూడా అంతే...” అని ఠక్కున ఆగింది.

“ఏ ట్యాంకు?”

“ఏదీ లేదు. ఆ ఆవపిండి ఇలా అందుకో.”

“అమ్మా, నీకు తెలుసా కారుకి ఏమైందో?”

“నాకేం తెలుసు కారు సంగతులు? చదువుకున్న వాళ్ళు మీరున్నారు, మెకానిక్కులున్నారు” అంది తలెత్తకుండా.

మర్నాడు పొద్దున్నే, “అలా తిరిగొద్దాం రా” అని అమ్మని బయల్దేరదీశాను. ట్యాంకు నిండా పోయించాను. స్టీరింగు పక్క గేరు నాకు సరిగ్గా లొంగదు. రెండు సార్లు ఆపి, మూడోసారి రోడ్డెక్కించాను. అమ్మ తన చోట్లో కూచుంది. ఒళ్ళో తువ్వాలు లేదు. చేతిలో కుట్టుడబ్బా ఉంది. ఎందుకని నేనడగలేదు.

దుగ్గిరాల దాటగానే పద్మిని ఎక్కిళ్ళు పెట్టి ఆగింది. నేను దిగి, తిన్నగా వెనక్కి వెళ్ళి, ట్యాంకు మూత తిప్పాను. ఉస్స్ మని పెద్ద నిట్టూర్పు వినిపించింది. బయటి గాలి లోపలికి పోయింది. వచ్చి తాళం తిప్పితే ఒక్క తిప్పుకే అంటుకుంది.

సంగతేమిటంటే, మా కారు ట్యాంకు మూతకి సన్నటి బెజ్జం ఉంది. పంపు పెట్రోలు లాగేకొద్దీ ఖాళీ అయిన చోట్లోకి ఆ బెజ్జంలోంచే గాలి పోవాలి. అది తుప్పుతోనూ, దుమ్ముతోనూ పూడుకుపోయింది. ఇంకేముంది, లోపల గాలి పలచబడి, పంపు ఇటు లాగుతూంటే ట్యాంకు అటు లాగుతుంది. కాసేపు ఆపితే ఏ సందులోంచో గాలి మెల్లిగా చేరి మళ్ళీ నడుస్తుంది. ఎండ చల్లారిందనీ, తడిగుడ్డ పనిచేసిందనీ మనం సంబరపడతాం.

“ఊళ్ళో తిరిగినప్పుడు ఎందుకు ఆగలేదే?” అన్నాను.

“రెండు లీటర్లు పోసుకుని తిరిగాడు కదే వాడు! ట్యాంకులో బోలెడు గాలుంది, చాలాసేపు సరిపోతుంది. నిండుగా పోయిస్తే పైన జానెడు చోటు కూడా ఉండదు. తొందరగా ఊపిరాడదు. అల్లుడుగారు రెండుసార్లూ నిండా పోయించారు. మొదటిసారి ఆ అబ్బాయి పెట్రోలు చూడ్డానికి మూత తీశాడు, అందుకే అంటుకుంది. నీళ్ళు చల్లితే కాదు.”

నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. ఎనిమిదో తరగతితో చదువాపించేసిన మా అమ్మ, వంటింటి గడప దాటి మాట్లాడ్డం నేనెన్నడూ వినని మా అమ్మ, చెట్టు నీడలో కారానుకుని నుంచుని, ముగ్గురు మెకానిక్కులకి తోచని సంగతి పూసగుచ్చినట్టు చెబుతోంది.

“మీ నాన్నగారు ఏటా ఆయుధపూజకి ముందురోజు ఆ మూత విప్పి నాకిచ్చేవారు. ఆయనకి చత్వారం వచ్చాక ఆ బెజ్జం కనపడేది కాదు. నేనే సూదితో తీసేదాన్ని. ఆయన పోయాక ఎవరు గుర్తుపెట్టుకుంటారు?” అంటూ కుట్టుడబ్బాలోంచి సూది తీసింది. మూతని వెలుతురుకి పెట్టి చూసి, ఒడుపుగా గుచ్చి, పొడి రాల్చి, నోటితో ఊది చూసి నాకిచ్చింది.

“మార్చిలోనే తెలుసా నీకు?”

“తెలుసు.”

“మరి చెప్పవేం? వేలకి వేలు పోశాం దానికి!”

అమ్మ సూదిని దారపుండకి గుచ్చి, డబ్బా మూసి, చాలాసేపు కాలవ వైపు చూసింది.

“ఎవరడిగారే నన్ను?” అంది. మళ్ళీ తనే, “అది ఆగిపోయినప్పుడల్లా ఇంటికి తిరిగొస్తున్నాం కదా అని ఊరుకున్నాను” అంది.

ఏం చెప్పమంటారు? నవలల్లో ఇలాంటి చోట ఎన్ని పేజీలైనా రాయగలను. ఆ రోజు మాత్రం ఒక్క మాటా రాలేదు. అమ్మకి ఒంట్లో ఎలా ఉంటుందో, రాత్రిపూట పడితే ఎవరు లేపుతారో, మందులెవరిస్తారో అన్నీ మేమే ఆలోచించాం. అన్నీ అక్కరున్న ఆలోచనలే. “నీకెక్కడ ఉండాలనుంది?” అన్న ఒక్క ప్రశ్న మాత్రం మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. కారు ఎందుకాగిందో ఊరందర్నీ అడిగినట్టే, అమ్మ సంగతి అమ్మని తప్ప అందర్నీ అడిగాం.

“ఎటు పోనియ్యమంటావు?” అన్నాను కారెక్కి.

“ఇంటికి” అంది. ఏ ఇంటికని నేనడగలేదు. తెనాలి వైపు తిప్పాను.

ఆ సాయంత్రం మావారు ఫోన్ చేశారు. కారు బాగైందని చెప్పాను. “అమ్మయ్య! అయితే ఎప్పుడు తీసుకొస్తున్నావు అత్తయ్యగార్ని?” అన్నారు. “ఇక్కడ ఆవకాయ పెడుతున్నాం. ఊరడానికి టైం పడుతుంది” అన్నాను. ఆయన తెలివైనవారు. ఒక నిమిషం ఊరుకుని, “సరే, ఇనుపవాడికి ఫోన్ చేసి వద్దని చెప్పేస్తాను” అన్నారు.

అంతా సుఖాంతమని చెప్పను. అమ్మ రాత్రిళ్ళు ఒంటరిగా ఉంటుందంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు. వీధివైపు రెండు గదులు ఒక టీచరమ్మ కుటుంబానికి అద్దెకిచ్చాం. వాళ్ళ పిల్లలు అమ్మని మామ్మగారూ అంటూ ఇల్లంతా తిరుగుతారు. రెండు వారాలకోసారి నేను వెళ్తాను. పండగలకి పద్మినిలో అమ్మ మా ఇంటికొస్తుంది. నాలుగు రోజులుండి, అయిదో రోజు పొద్దున్నే స్నానం చేసి సంచీ సర్దుకుని కూచుంటుంది. కాళ్ళు మరీ ఆడకపోతే అప్పుడేం చెయ్యాలో తేలలేదు. తేల్చేటప్పుడు మాత్రం అమ్మ కూడా ఆ గదిలో ఉంటుంది. అంతవరకు అన్నయ్యా నేనూ ఒప్పందం చేసుకున్నాం.

మీ ఇంట్లో కూడా ఓ పాత కారుండి, అది ట్యాంకు నిండుగా ఉన్న రోజే దారిలో ఆగుతూంటే, మెకానిక్కి కబురంపే ముందు ఇంజను ఆపి, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకుని, ట్యాంకు మూత ఒక్కసారి తిప్పి చూడండి. ఉస్సుమంటే అదే జబ్బు.

ఈమధ్య మావారు ఆఫీసులో ఈ బెజ్జం సంగతి అందరికీ చెప్పి, సెభాషనిపించుకుంటున్నారట, ఆయనే కనిపెట్టినట్టు! చెప్పుకోనిద్దురూ, పాపం, ఆటోనగర్ నాలుగు రోజులు తిరిగారు. సూది ఒకటి కారులోనే ఉంచుకుందామని అడిగారు కూడా. అమ్మ ఇవ్వలేదు. “నా దగ్గరే ఉంటుంది. కావాలంటే వచ్చి అడగండి” అంది.